ఏ బాధా లేని మనిషికి హెపటైటిస్‌ బి మందు అవసరమా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర ఒక పల్లె. మా వారికి 38 ఏళ్లు. రొయ్యల గుంటల మీద పనిచేస్తారు. రెండేళ్లు వరసగా గుంటలు దెబ్బతినడంతో కువైట్‌లో డ్రైవరు పనికి వీసా తెప్పించుకున్నారు. చెన్నైలో చేసిన వైద్య పరీక్షలో హెపటైటిస్‌ బి ఉందని అన్‌ఫిట్‌ చేశారు. ఆయనకు ఏ బాధా లేదు. ఆయన నడవడి మీద నాకు నమ్మకమే. మేత బస్తా ఒక్కరే ఎత్తి పడవలో వేస్తారు. ఇక్కడ చూపిస్తే, ‘నువ్వు క్యారియర్‌వి అంతే, లివరు బాగానే ఉంది, మందక్కర్లేదు’ అని పంపించారు. నాలుగేళ్ల కింద మా బావగారు 45 ఏళ్లకే పొట్టలో నీరు చేరి, రక్తం కక్కుకుని పోయారు. ఆయన తాగేవారు కాబట్టి తాగుడు వల్లే అనుకున్నాం. మా తోటికోడలికి కాలేజీకి వెళ్లే కూతురు ఉంది. మా ఆయన కూడా ఆదివారాలు, పండగలకు తాగుతారు, తగ్గించమని చెప్పాను. ఇప్పుడు మా అత్తమ్మ ఈయనకు కంచం, గ్లాసు వేరు పెట్టింది. పదకొండేళ్ల పాపను, నాలుగేళ్ల బాబును దగ్గరికి పోనివ్వడం లేదు. చుట్టాలేమో పసరు మందు తాగిస్తే మూడు వారాల్లో పోతుందంటున్నారు. ఏజెంటు ఇంకొంచెం డబ్బు కడితే మళ్లీ పరీక్ష చేయించి పంపిస్తానంటున్నాడు. రిపోర్టుల జిరాక్సులు జత చేస్తున్నాను. మేం ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. అన్నిటికీ జవాబు చెబుతాను. అయితే మీరు అడగకుండా జత చేసిన కాగితాల గురించి ముందు మాట్లాడాలి. మీ వారికి ‘మందక్కర్లేదు’ అన్న మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఆయన్ను నేను పరీక్షించలేదు కాబట్టి తుది మాట దగ్గరుండి చూసే వైద్యులదే. కానీ ఈ కాగితాల్లోని అంకెలు ఆరోగ్యంగా ఉన్న మనిషివి కావు, వాటిని ఇంకో వారం కూడా బీరువాలో పెట్టి ఉంచవద్దు.

హెపటైటిస్‌ బి కాలేయాన్ని పట్టే వైరస్‌. రిపోర్టును నాతో పాటు మీరూ ఒకసారి చదవండి. రెండో కాగితంలో ఎస్‌జీవోటీ 66, ఎస్‌జీపీటీ 58 అని ఉంది. ఈ రెండూ కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైములు. ల్యాబు వాళ్లు 40 దాకా మామూలని రాస్తారు కాబట్టి, 58 చూసినవాళ్లకు అది కొద్దిగా పెరిగినట్టే కనిపిస్తుంది. బిలిరుబిన్‌ 1.1, అంటే కామెర్లు లేవు. అల్బుమిన్‌ 3.7, అంటే కాలేయం తన పని ఇంకా చేస్తూనే ఉంది. ‘లివరు బాగానే ఉంది’ అన్న మాట బహుశా ఈ రెండింటినీ చూసి వచ్చి ఉంటుంది. ఇక మూడో కాగితం, రక్తకణాల లెక్క చూడండి. అక్కడ ప్లేట్‌లెట్లు 1,38,000 అని ఉంది. కనీసం లక్షన్నర ఉండాలి. మన దగ్గర ప్లేట్‌లెట్లు అనగానే డెంగీ గుర్తొస్తుంది గానీ, జ్వరమే లేని మనిషికి ఇవి తగ్గాయంటే కాలేయం వైపు చూడాలి. స్కానింగ్‌ కాగితంలో చివరి వరసలో, చిన్న అక్షరాల్లో, ప్లీహం (స్ప్లీన్‌) ఉబ్బి 13.6 సెంటీమీటర్లు ఉందనీ, కాలేయం గరుకుగా కనిపిస్తోందనీ రాశారు. కాలేయం గట్టిపడితే దానిలోంచి పోవలసిన రక్తానికి దారి ఇరుకవుతుంది. వెనక్కి తన్నిన ఆ రక్తంతో ప్లీహం ఉబ్బుతుంది, ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుకుంటుంది. ఈ మూడు కాగితాలూ విడివిడిగా చూస్తే ‘కొంచెం తేడా’ అనిపిస్తాయి, పక్కపక్కన పెడితే ఒకే కథ చెబుతున్నాయి.

దీనికి వైద్యులు వాడే చిన్న లెక్క ఒకటుంది, ఖర్చు లేనిది. ఎస్‌జీవోటీని ల్యాబు చెప్పే గరిష్ఠ అంకెతో భాగించి, వచ్చినదాన్ని ప్లేట్‌లెట్ల వేల సంఖ్యతో మళ్లీ భాగించి, నూరుతో హెచ్చవేస్తారు. మీ వారికి 66ను 40తో భాగిస్తే 1.65, దాన్ని 138తో భాగించి నూరుతో హెచ్చవేస్తే సుమారు 1.2 వస్తుంది. దీన్ని ‘ఏప్రి’ స్కోరు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లలో ఇది 0.5 దాటితే కాలేయంలో చెప్పుకోదగ్గ మచ్చ పడిందని, 1 దాటితే సిరోసిస్‌ ఉండవచ్చని అనుమానించాలి. అలాంటివారికి వైరస్‌ లెక్క ఎంత ఉన్నా చికిత్స మొదలుపెట్టాలని కూడా అందులో ఉంది. సిరోసిస్‌ అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడి, గడ్డలు గడ్డలుగా మారడం. స్కోరు ఒక్కటే రుజువు కాదు కాబట్టి ఫైబ్రోస్కాన్‌ అనే పరీక్షతో నిర్ధారించుకోవాలి. ఇది కత్తీ సూదీ లేని పరీక్ష. పక్కటెముకల మధ్య పరికరం ఆనించి, కాలేయం ఎంత గట్టిపడిందో కొలుస్తారు, పది నిమిషాల్లో అయిపోతుంది.

మరి మేత బస్తా ఎత్తే మనిషికి సిరోసిస్‌ ఏమిటని మీరు అడుగుతారు. కాలేయానికి ఓర్పు ఎక్కువ. సగానికి పైగా పాడైనా మిగిలిన భాగం పని నెట్టుకొస్తుంది. దాని లోపలి భాగంలో నొప్పి తెలిపే నరాలు లేవు. దీర్ఘకాలిక హెపటైటిస్‌ రోగుల్లో ఎక్కువమంది మీ వారిలాగే ఉంటారు: ముప్ఫై నుంచి యాభై ఏళ్ల మధ్య వయసు, మగవాళ్లు ఎక్కువ, పనికి లోటు లేదు, ఆకలి బాగానే ఉంటుంది, మహా అయితే సాయంత్రానికి కొంచెం నీరసం. వాళ్లకు ఈ సంగతి వీసా పరీక్షలోనో, రక్తదాన శిబిరంలోనో, ఆపరేషన్‌కు ముందో, కాన్పుకు ముందో బయటపడుతుంది. 2022 నాటికి ప్రపంచంలో సుమారు 25 కోట్ల 40 లక్షల మందికి దీర్ఘకాలిక హెపటైటిస్‌ బి ఉంటే, తమకు ఉందని తెలిసినవాళ్లు నూటికి 13 మందే. మన దేశంలో ఇది దాదాపు మూడు కోట్ల మందికి ఉందని అంచనా. కువైట్‌ ఉద్యోగం పోయిందన్న దుఃఖం నాకు అర్థమవుతోంది. అయినా ఆ పరీక్షే జరక్కపోతే మీ వారి సంగతి కూడా మీ బావగారికి మాదిరిగానే ఆఖరి దశలో తెలిసేదన్న మాట చెప్పక తప్పడం లేదు.

‘క్యారియర్‌’ అన్న మాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో చాలా ఫైళ్లు ఆ ఒక్క మాట దగ్గరే మూతపడుతున్నాయి. హెచ్‌బీఎస్‌ఏజీ (రక్తంలో ఈ వైరస్‌ పైపొర ముక్కను పట్టే పరీక్ష) పాజిటివ్‌ అని ఆరు నెలలకు పైగా వస్తూ ఉంటే దీర్ఘకాలిక హెపటైటిస్‌ బి అంటారు. (రక్తం గ్రూపు ‘బి పాజిటివ్‌’కీ దీనికీ సంబంధం లేదు. ఈ పొరపాటు పడి పెళ్లి సంబంధం వదులుకున్న కుటుంబాన్ని నేను చూశాను.) మీ వారికి ఒక్కసారే పరీక్ష జరిగినా, మచ్చ పడిన కాలేయం ఇది ఏళ్ల నాటి సంగతని చెబుతోంది. ఈ పాజిటివ్‌ అన్న మాట వైరస్‌ ఒంట్లో ఉందని మాత్రమే చెబుతుంది, అది ఏం చేస్తోందో చెప్పదు. చిన్నప్పుడు సోకినవారిలో మొదట ఏళ్ల తరబడి వైరస్‌ కోట్లలో ఉన్నా ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని పట్టించుకోదు. ఆ తర్వాత ఏదో ఒక వయసులో రక్షణ వ్యవస్థ మేలుకుని వైరస్‌ ఉన్న కాలేయ కణాలను కొడుతుంది. మచ్చలు పడేది ఆ పోరులోనే. కొందరిలో పోరు ముగిసి వైరస్‌ అణగిపోతుంది: రక్తంలో వైరస్‌ ఎంతుందో చెప్పే డీఎన్‌ఏ లెక్క మిల్లీలీటరుకు 2,000 లోపు, ఎస్‌జీపీటీ మామూలుగా, ఏడాది పొడుగునా మళ్లీ మళ్లీ చూసినా అలాగే ఉంటుంది. నిజానికి క్యారియర్‌ అనవలసింది వీళ్లను. ఇంకొందరిలో అణగినట్టే అణగి, రూపు మార్చుకుని మళ్లీ లేస్తుంది. మీ వారు ఇందులో ఏ గుంపు మనిషో డీఎన్‌ఏ పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు, ఆ పరీక్ష ఈ కాగితాల్లో లేనే లేదు.

ఒకే వైరస్‌ ఉన్న ఇద్దరిలో ఒకరు ఎనభై ఏళ్లు బతికి, ఇంకొకరు నలభై అయిదుకే పోవడానికి కారణాలు చాలావరకు తెలిసినవే. మగవాళ్లలో జబ్బు త్వరగా ముదురుతుంది. వయసు నలభై దాటడం, రక్తంలో వైరస్‌ ఎక్కువగా ఉండడం, మద్యం, షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు, తోడుగా హెపటైటిస్‌ సి గానీ డి గానీ హెచ్‌ఐవీ గానీ ఉండడం, ఇంట్లో ఎవరికైనా కాలేయ క్యాన్సర్‌ వచ్చి ఉండడం, ఇవన్నీ ప్రమాదాన్ని పెంచేవే. తైవాన్‌లో 3,600 మందికి పైగా హెపటైటిస్‌ బి ఉన్నవాళ్లను పదకొండేళ్లకు పైగా గమనించి, రక్తంలో వైరస్‌ ఎంత ఎక్కువ ఉంటే కాలేయ క్యాన్సర్‌ అంత ఎక్కువగా వచ్చిందని 2006లో ప్రకటించారు. ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నవాళ్లలో కూడా అది నిజమైంది. అందుకే ఒక్క ఎస్‌జీపీటీ చూసి ధైర్యం చెప్పడం నాకు నచ్చదు.

ఇక మీ బావగారు. తాగుడు వల్లే పోయారని మీరంతా అనుకున్నారు, ఊరూ అదే అనుకుని ఉంటుంది. కావచ్చు. కానీ తమ్ముడికి హెపటైటిస్‌ బి ఉండి, అన్న 45 ఏళ్లకే సిరోసిస్‌ లక్షణాలతో పోయాడంటే ఆ వైరస్‌ ఆయనలోనూ ఉండి ఉండవచ్చని అనుమానించడం వైద్యుడిగా నా ధర్మం. మద్యం, వైరస్‌ రెండూ కలిస్తే జబ్బు ఇంకా త్వరగా ముదురుతుంది. ఆయన ఆసుపత్రి ఫైలు మీ తోటికోడలి దగ్గర ఉంటే తీయించి చూడండి. ఎండోస్కోపీ చేసే ముందు హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయడం మామూలే, ఆ చీటీ అందులో ఎక్కడో ఉండే అవకాశం ఎక్కువ.

అన్నదమ్ములిద్దరికీ ఎక్కడ నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు పసితనంలో ఉంటుంది. తల్లి నుంచి కాన్పు సమయంలో సోకితే పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి అది జీవితాంతం నిలిచిపోతుంది. ఒకటి నుంచి అయిదేళ్ల లోపు సోకితే సుమారు ముగ్గురిలో ఒకరికి నిలుస్తుంది. పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురి లోపే. మిగిలినవాళ్లు దాన్ని తామే వదిలించుకుంటారు. కాబట్టి 38 ఏళ్ల మనిషిలో ముదిరిన జబ్బు కనిపించిందంటే, అది నిన్నమొన్న ఎక్కడో తిరిగితే వచ్చింది కాదు. మీరు ఆ మాట ఉత్తరంలో రాయలేదు గానీ, ‘ఆయన నడవడి మీద నాకు నమ్మకమే’ అని విడిగా ఒక వాక్యం రాశారు. ఆ నమ్మకాన్ని ఈ రిపోర్టు చూసి వదులుకోవద్దు.

రెండో దారి సూది. నా చిన్నతనంలో కనిగిరి వైపు మా ఊరికి సైకిలు మీద ఒక ఆర్‌ఎంపీ వచ్చేవారు. హ్యాండిలుకు తగిలించిన తోలు సంచిలో స్టీలు డబ్బా, దానిలో రెండు గాజు సిరంజీలు, మూడు సూదులు. మొదటి ఇంట్లో పొయ్యి మీద ఆ డబ్బాను ఒక పొంగు పొంగించేవారు. తర్వాతి ఇళ్లలో వేడి నీళ్లతో కడిగి అదే సూది వేసేవారు. మా అమ్మకు, నాకు, పక్కింటి పెద్దాయనకు ఒకే పూట అదే సూదితో వేయడం నాకు బాగా గుర్తు. ఆయన మంచి మనిషి, రాత్రి రెండింటికి పిలిచినా వచ్చేవారు; అప్పుడు ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. ఎండిన రక్తపు చుక్కలో కూడా ఈ వైరస్‌ ఏడు రోజుల దాకా బతికి ఉంటుంది. ఇవాళ ప్రతి సిరంజీ ఒక్కసారికే అయినా, జ్వరం రాగానే ‘సూది వేస్తేగానీ తగ్గదు’ అనే అలవాటు మనకు పోలేదు. మాత్రతో పోయేదానికి సూది అడగవద్దు. తప్పదనుకుంటే సిరంజీ కవరు మీ కళ్ల ముందు చించమనండి. క్షవరానికి వెళ్తే కొత్త బ్లేడు వేయించుకోండి.

ఇప్పుడు చేయవలసిన పనులు. నెల్లూరు గానీ ఒంగోలు గానీ మీకు గంట, గంటన్నర ప్రయాణం. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మెడిసిన్‌ విభాగానికి వెళ్లి, జాతీయ వైరల్‌ హెపటైటిస్‌ నియంత్రణ కార్యక్రమం కింద చూడమని అడగండి. 2018 జులై 28న మొదలైన ఈ కార్యక్రమంలో హెపటైటిస్‌ బి, సి పరీక్షలూ మందులూ ఉచితం. అక్కడ ఫలానా పరీక్ష లేకపోతే ఎక్కడ చేస్తారో వాళ్లనే అడిగి, చీటీ రాయించుకోండి. హెచ్‌బీవీ డీఎన్‌ఏ, హెచ్‌బీఈఏజీ, హెపటైటిస్‌ సి, హెచ్‌ఐవీ, క్రియాటినిన్‌ (మూత్రపిండాల పనితీరుకు), ఐఎన్‌ఆర్‌ (రక్తం గడ్డకట్టే తీరుకు), షుగరు, ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్‌ సూచనకు), వీటితో పాటు ఫైబ్రోస్కాన్‌ చేయించాలి. సిరోసిస్‌ అని తేలితే ఎండోస్కోపీ కూడా అవసరమవుతుంది. మీ బావగారు రక్తం కక్కుకున్నది అన్నవాహికలో ఉబ్బిన సిరల నుంచి అయి ఉంటుంది. అవి ముందే కనిపిస్తే మాత్రలతో గానీ రబ్బరు బ్యాండు వేసి గానీ ఆ రక్తస్రావం రాకుండా చూడవచ్చు. మీ వారి ప్లేట్‌లెట్లు లక్షన్నర లోపే ఉన్నాయి కాబట్టి ఎండోస్కోపీ అవసరమా అని మీరే అడగండి.

మందు విషయంలో కంగారు పడవలసింది లేదు. టెనోఫోవిర్‌ లేదా ఎంటెకావిర్‌, రోజుకు ఒక్క మాత్ర. ఇవి వైరస్‌ను పూర్తిగా తీసివేయవు, అది పెరగకుండా అణచి ఉంచుతాయి. వైరస్‌ అణగితే కాలేయం తనంతట తాను బాగుపడే ప్రయత్నం చేస్తుంది. కొన్నేళ్లు క్రమం తప్పకుండా వాడినవాళ్లలో పడిన మచ్చ కూడా తగ్గడం కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీల్లో చూశారు. టెనోఫోవిర్‌ వాడేవాళ్లకు మూత్రపిండాల పరీక్ష అప్పుడప్పుడు చేయాలి. అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త ఏమిటంటే, ‘బాగానే ఉన్నాను కదా’ అని మాత్ర మానేయకూడదు. ఉన్నట్టుండి ఆపితే అణగి ఉన్న వైరస్‌ ఒక్కసారిగా లేచి, కాలేయం పూర్తిగా చెడిపోయే స్థితి రావచ్చు. గట్టిపడిన కాలేయానికి ఆ దెబ్బ తట్టుకునే శక్తి ఉండదు. కోతల రోజులని, గుంట పట్టుబడి ఉందని, ఆసుపత్రికి వెళ్లే తీరిక లేక మాత్రలు నిండుకున్నవాళ్లను నేను చూశాను. నెలాఖరుకు పది మాత్రలు మిగిలి ఉండగానే కొత్త డబ్బా ఇంట్లో ఉండేలా మీరు చూసుకోండి.

మందు వాడుతున్నా ఆరు నెలలకొకసారి స్కానింగ్‌ మానకూడదు. హెపటైటిస్‌ బి సిరోసిస్‌ లేకుండానే క్యాన్సర్‌ తేగలదు. మందు ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుందే గాని సున్నా చేయదు. రెండు సెంటీమీటర్ల గడ్డగా ఉన్నప్పుడు కనబడితే దాన్ని తీసేసే దారులున్నాయి, నొప్పి వచ్చి కనబడితే చాలాసార్లు ఆ దారులు మూసుకుపోయి ఉంటాయి.

మీ ఆయనకు హెపటైటిస్‌ సి కూడా పరీక్ష చేయమన్నాను కదా, దాని సంగతి క్లుప్తంగా చెబుతాను. అది పాతరోజుల్లో రక్తం ఎక్కించుకున్నవాళ్లలో, డయాలసిస్‌ మీద ఉన్నవాళ్లలో, సూదులు పంచుకున్నవాళ్లలో ఎక్కువ కనబడుతుంది. దానికి టీకా లేదు. కానీ సోఫోస్‌బువిర్‌తో పాటు డక్లాటస్‌విర్‌ లేదా వెల్‌పటస్‌విర్‌ మాత్రలు మామూలుగా పన్నెండు వారాలు వాడితే నూటికి 95 మందికి పూర్తిగా పోతుంది. రెండింటి పేరూ హెపటైటిసే అయినా, ‘మా వాడికి మూడు నెలల్లో పోయింది, మీకెందుకు పోలేదు’ అని చుట్టాలు అడిగితే వాళ్లది సి, మీది బి అని చెప్పండి.

పసరు మందు దగ్గరికి వద్దాం. దాన్ని ఇచ్చేవాళ్లను నేను మోసగాళ్లనడం లేదు. చాలామంది డబ్బు కూడా తీసుకోరు, తాతల నాటి నుంచి వస్తున్న నమ్మకంతో ఇస్తారు. ఆ నమ్మకం ఎలా నిలిచిందో చూడండి. మన పల్లెల్లో ఎక్కువగా వచ్చే పచ్చకామెర్లు హెపటైటిస్‌ ఎ, ఇ వైరస్‌ల వల్ల, కలుషితమైన నీళ్ల ద్వారా వచ్చేవి. అవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో ఏది తాగినా తగ్గినట్టే కనబడుతుంది, పేరు పసరుకు వస్తుంది. మీ వారికి కామెర్లే లేవు, ఆయనది ఆ జబ్బే కాదు. పసరుకు వాడే నేలఉసిరిని శాస్త్రవేత్తలు చూడకుండా కొట్టిపారేశారని కూడా అనుకోవద్దు. 1988లో మద్రాసులో 37 మందికి ఇచ్చి 22 మందిలో హెచ్‌బీఎస్‌ఏజీ పోయిందని ప్రకటించారు. ఆ వ్యాసం రాసినవారిలో హెపటైటిస్‌ బి వైరస్‌ను కనిపెట్టినందుకు 1976లో నోబెల్‌ అందుకున్న బ్లూంబర్గ్‌ కూడా ఒకరు. అంత ఆశ కలిగించినదాన్ని ఆ తర్వాత వేరేచోట్ల ఎన్నిసార్లు పరీక్షించినా అదే ఫలితం రాలేదు. ఇప్పటికే గట్టిపడిన కాలేయం మీద ఏ ఆకు ఎంత మోతాదులో ఉందో తెలియని పసరు పోయడం ప్రమాదం. చేతి మీద వాతలు పెట్టించే ఆలోచన ఎవరైనా చెబితే దాన్ని గట్టిగా వద్దనండి.

కువైట్‌ సంగతి మీకు బాధ కలిగించినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చికిత్సతో డీఎన్‌ఏ కనబడకుండా పోవచ్చు గానీ, వాళ్లు చూసే హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్‌ కావడం చాలా అరుదు, ఏడాదికి నూటికి ఒకరికి అవుతుందేమో. ఏజెంటు డబ్బు తీసుకుని మళ్లీ పరీక్ష చేయించినా అదే వస్తుంది. వేరేవాళ్ల రక్తంతో కాగితం సృష్టిస్తే అక్కడ దిగాక మళ్లీ పరీక్ష చేసి తిప్పి పంపుతారు, అప్పు మాత్రం మీ నెత్తిన మిగులుతుంది. ఆ డబ్బు కట్టవద్దు. ఇక్కడ ఆయన చేసుకునే పనికి, బండి నడపడానికి ఈ జబ్బు అడ్డు కాదు.

తాగుడు గురించి ‘తగ్గించమని చెప్పాను’ అని రాశారు. తగ్గించడం సరిపోదమ్మా, పూర్తిగా మానాలి. ఆదివారం క్వార్టరు కూడా ఆ కాలేయానికి ఎక్కువే. అలాగే ఒళ్లు నొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలు, ఆయాసానికీ కీళ్లకూ కొందరు రాసిచ్చే స్టెరాయిడ్లు వైద్యునికి చెప్పకుండా వాడకూడదు. స్టెరాయిడ్లు అణగి ఉన్న వైరస్‌ను లేపుతాయి.

పథ్యం పేరుతో మాత్రం ఆయన్ను మాడ్చవద్దు. హెపటైటిస్‌ అనగానే చేపలు, గుడ్లు, నూనె, పసుపు అన్నీ మాన్పించి మజ్జిగన్నం మీద పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. గట్టిపడిన కాలేయం ఉన్నవాడికి మాంసకృత్తులు మామూలు మనిషికన్నా ఎక్కువ కావాలి, లేకపోతే కండ కరిగిపోతుంది. చేపల పులుసు పెట్టండి, గుడ్డు, పప్పు పెట్టండి. సిరోసిస్‌ అని తేలితే రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి, రెండు ఇడ్లీలో ఒక గ్లాసు పాలో ఇవ్వండి. కాళ్లకు వాపు, పొట్టలో నీరు కనబడితే అప్పుడు ఉప్పు తగ్గించాలి. బూజు పట్టిన వేరుశనగ పప్పును ఏరి వాడుకునే అలవాటుంటే మానండి. ఆ బూజులోని విషం హెపటైటిస్‌ బి ఉన్నవాళ్లలో కాలేయ క్యాన్సర్‌ ప్రమాదాన్ని బాగా పెంచుతుంది.

మీ అత్తగారి కంచం సంగతి. ఈ వైరస్‌ తిండి వల్ల, నీళ్ల వల్ల, ఒకే కంచంలో తినడం వల్ల, పిల్లలను ఎత్తుకోవడం వల్ల, ముద్దాడడం వల్ల రాదు. రక్తం ద్వారా, దాంపత్యం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. వేరు పెట్టవలసినవి రేజరు, టూత్‌బ్రష్షు, గోళ్లు తీసే కత్తెర. ఆయనకు దెబ్బ తగిలి రక్తం కారితే కట్టు కట్టి, కారినచోట బ్లీచింగ్‌ నీళ్లు పోసి తుడవండి. బాబును ఈ రాత్రే ఆయన పక్కలో పడుకోబెట్టండి.

అత్తగారి మీద కోపం తెచ్చుకోవద్దు. ఒక కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆమె, మనవలకేమవుతుందోనని భయపడుతోంది. ఆమెకు కూడా ఈ పరీక్ష చేయించాలి, అది చెప్పే తీరులో చాలా జాగ్రత్త కావాలి. పాజిటివ్‌ అని వస్తే, తన నుంచే కొడుకులిద్దరికీ వచ్చిందని ఆమె కుమిలిపోవచ్చు. ఆమె కొడుకులను కన్ననాటికి మన పల్లెల్లో ఈ పరీక్షా లేదు, టీకా లేదు. ఆమెకూ బహుశా తన తల్లి నుంచే వచ్చి ఉంటుంది. సామాన్యుడు కొనగలిగే ధరకు ఈ టీకా మన దేశంలో దొరికింది 1997లో, అదీ నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెంలో పుట్టిన వరప్రసాద్‌ రెడ్డి గారు హైదరాబాదులో నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్‌ దాన్ని తయారుచేశాక. అప్పటికి మీ వారు పసితనం దాటేశారు. ఇందులో ఆమె చేసిన తప్పేమీ లేదని ముందే, పరీక్షకు వెళ్లకముందే చెప్పండి. ఆమె వయసుకు ఆ పరీక్ష ఆమె మేలుకే, కాలేయం ఎలా ఉందో తెలుస్తుంది.

మీకూ పిల్లలకూ హెచ్‌బీఎస్‌ఏజీతో పాటు, రక్షణ ఉందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్‌ పరీక్ష చేయించండి. పిల్లలు పుట్టినప్పుడు ఆసుపత్రిలో వేసిన టీకా, తర్వాత 6, 10, 14 వారాలకు వేసిన టీకాలు కార్డులో చూడండి. నాలుగూ ఉంటే వాళ్ల గురించి భయం చాలావరకు అక్కర్లేదు. మీకు వైరస్‌ లేక, రక్షణా లేకపోతే మూడు డోసుల టీకా వేయించుకోవాలి: మొదటిది వెంటనే, రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు. చివరి డోసు తర్వాత నెలా రెండు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తే అంకె 10 దాటి ఉండాలి. అప్పటిదాకా దాంపత్యంలో కండోమ్‌ వాడండి.

మీ తోటికోడలికి, ఆమె పిల్లలకు కూడా ఇదే పరీక్ష కావాలి. ఆమె కాలేజీకి వెళ్లే కూతురు సంగతి రాశారు కాబట్టి చెబుతున్నాను, ఆ అమ్మాయికి పాజిటివ్‌ వచ్చినా పెళ్లికీ పిల్లలకూ అడ్డు కాదు. గర్భంతో ఉన్నప్పుడు వైరస్‌ ఎక్కువగా ఉంటే ఏడో నెల నుంచి టెనోఫోవిర్‌ ఇస్తారు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా, దానితో పాటు ఇమ్యునోగ్లోబులిన్‌ సూది వేస్తే సోకకుండా ఆపవచ్చు, పాలూ ఇవ్వవచ్చు. మీ తోటికోడలితో ఫోనులో చెప్పకండి. ఆమె ఇంటికే వెళ్లి, మీ వారి రిపోర్టు ముందు ఆమె చేతిలో పెట్టి, బావగారి ఫైలు ఒకసారి చూద్దామని అడగండి. నెల్లూరు వెళ్లే రోజు ఆమెనూ పిల్లలనూ వెంట తీసుకెళ్లండి.